ఆ బండిలో ఎన్ని షెల్లులున్నయి? జోడేఘాట్ నుంచి ఓయూ దాకా ఒక లెక్క

పోస్టు జర పొడుగైంది. తీరిక దొరికినప్పుడే చదవండి, గాని సగంల ఆపకండి.

మొన్న మెస్ బిల్లులు మూడు నెలల నుంచి రాకపోతే మేము ప్లేట్లు పట్టుకొని హాస్టల్ గేటు ముందు కూసున్నం. గట్టిగ లెక్కపెడితే అరవై మందిమి ఉంటం. అరగంటకు ఒక పోలీసు జీపు వచ్చింది. అది మామూలే. దాని వెనక వజ్ర బండి వచ్చింది. టీవీల ఉస్మానియా గొడవలప్పుడు చూసినం తప్ప అంత దగ్గర నుంచి ఎన్నడూ చూడలేదు. అద్దాలకు జాలీలు, పైన టియర్ గ్యాస్ కొట్టే గొట్టాలు. సాంబారు నీళ్లలెక్క ఉందని అడిగేటోళ్ల ముందట ఆ బండి ఎందుకో మాకు సమజ్ కాలేదు.

బండి పక్కన నిలబడ్డ కానిస్టేబుల్ అన్న మాట వింటేనే మన దిక్కోడని తెలిసిపోయింది. ఏ ఊరని అడిగితే ఉట్నూరు దిక్కు అన్నడు. తన నీళ్ల బాటిల్ మాకే ఇచ్చిండు. మాలో చిన్నోడొకడు, ఇంటర్ అయ్యి ఈ ఏడే వచ్చినోడు, "అన్నా, అండ్ల ఎన్ని షెల్లులుంటయి?" అని అడిగిండు. అన్న నవ్వి, "నీకెందుకురా తమ్మీ, పోయి చదువుకో" అన్నడు.

ఆ రోజు ఏమీ కాలేదు. పెద్ద సారు వచ్చి వారంల బిల్లు ఇస్తమని చెప్పిండు, మేము లేసి పోయినం. బండి కూడా పోయింది. కానీ చిన్నోడి ప్రశ్న మాత్రం మా రూముల్నే ఉండిపోయింది. ఆ బండిని మా గేటు దాకా పంపాలని ఎవరు నిర్ణయించిన్రు? అందులో ఏమున్నయో ఎవరు లెక్కపెట్టిన్రు? వాడితే ఎవరికి జవాబు చెప్పాలె? మాలో నలుగురం కానిస్టేబుల్ పరీక్షకు చదువుతున్నం. రేపు మేమే ఆ బండి పక్కన నిలబడొచ్చు. అందుకే చదువుకో అన్నందుకు నిజంగనే చదివినం. లైబ్రరీల, ఫోన్ల, ఊర్ల పెద్దల దగ్గర దొరికినదంతా కింద రాస్తున్నం.

మొదలు జోడేఘాట్ నుంచే మొదలుపెట్టాలె. 1940ల నిజాం పోలీసులు గుట్ట ఎక్కి కాల్చినప్పుడు కొమరం భీము, ఆయనతోపాటున్న మనోళ్లు కూలిపోయిన్రు. పన్నెండు గూడేల భూముల గురించి, అడవి సిపాయిల జులుం గురించి అడిగినందుకు వచ్చిన జవాబు అది. భీము కథ మనకందరికీ తెలుసు, మళ్లీ చెప్పం. దాని తర్వాత జరిగింది మాత్రం మనం తక్కువ మాట్లాడుకుంటం. గోండులు ఎందుకు తిరగబడ్డరో తెలుసుకోవాలని సర్కారుకు అనిపించింది. హైమన్‌డార్ఫ్ అనే ఆస్ట్రియా దేశపు మానవ శాస్త్రవేత్త మన మార్లవాయికి వచ్చి, గోండి నేర్చుకొని, గుడిసెల్ల ఉండి, కారణాలు రాసి పెట్టిండు. భూమి పోవుడు, పట్టా లేకపోవుడు, అడవి శాఖ దౌర్జన్యం. ఆ రాతల తర్వాతనే పట్టాలు కొన్ని వచ్చినయి, 1943ల మార్లవాయిల గోండి టీచర్లకు ట్రైనింగు స్కూలు వచ్చింది. మన తాతల్ల మొదట బడికి పోయినోళ్లలో చాలామంది ఆ స్కూలు నీడల చదివినోళ్లే. కాల్పులు ఎందుకు జరిగినయని ఒక మనిషి కూసొని అడిగినందుకే మనకు బడి వచ్చిందని చెప్పుకుంటే తప్పు లేదు. కాల్చినోళ్లను అడిగిన్రా అంటే, లేదు. దెబ్బ తిన్నోళ్లనే అడిగిన్రు.

కాల్చినోళ్లను అడిగిన సంగతి 1952ల కనపడ్తది. ముల్కీ ఉద్యమం. వరంగల్‌ల విద్యార్థులు మొదలుపెట్టిన్రు, బయటి నుంచి తప్పుడు ముల్కీ సర్టిఫికెట్లతో వచ్చి నౌకర్లు తీసుకుంటున్నరని. అది హైదరాబాద్ దాకా పాకింది. సెప్టెంబర్ 3న సిటీ కాలేజీ దగ్గర పోలీసులు కాల్చిన్రు, మర్నాడు కూడా కాల్పులు జరిగినయి. ప్రాణాలు పోయినయి. అప్పుడు ముఖ్యమంత్రి బూర్గుల రామకృష్ణారావు. హైకోర్టు జడ్జి పింగళి జగన్మోహన్ రెడ్డితో విచారణ వేసిన్రు. ఆయన సాక్షులను పిలిచిండు, పోలీసు అధికార్లను కూడా ప్రశ్నలు అడిగిన్రు, రిపోర్టు అచ్చయింది. రిపోర్టు తీర్పుతో ఒప్పుకుంటమా లేదా వేరే ముచ్చట. డెబ్బై ఏండ్ల తర్వాత కూడా ఒక పిల్లగాడు లైబ్రరీల అడిగి చదువుకోవచ్చు, అది ముఖ్యం.

ఇప్పుడు కరీంనగర్ దిక్కు రండి. 1978ల జగిత్యాలల జైత్రయాత్ర జరిగింది. వేల మంది రైతు కూలీలు దొరల మీద లేసి నడిచిన్రు. అదే ఏడు అక్టోబర్‌ల సర్కారు జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలని ప్రకటించింది. చట్టం కొత్తది కాదు, 1948 నాటిది. దాని ప్రకారం కల్లోలిత ప్రాంతంల సబ్ ఇన్‌స్పెక్టర్ స్థాయి అధికారి, శాంతి కోసం అవసరమని తనకు అనిపిస్తే, హెచ్చరించి, ప్రాణం పోయేదాకా కూడా కాల్చొచ్చు. "తనకు అనిపిస్తే" అన్న ఒక్క మాట మీద మొత్తం నడుస్తది. ఈశాన్య రాష్ట్రాలల్ల మిలటరీకి ఇచ్చిన ప్రత్యేక అధికారాల చట్టం గురించి మనం పాఠంల చదువుకుంటం. మన పక్క తాలూకాల్ల, ఖాకీ బట్టల మీద, దాదాపు అసొంటిదే నడిచిందని మాకు ఏ పాఠం చెప్పలేదు.

దాని తర్వాత మూడేండ్లకు ఇంద్రవెల్లి.

1981 ఏప్రిల్ 20, సోమవారం. సోమవారమంటే ఇంద్రవెల్లి సంత. గిరిజన రైతు కూలీ సంఘం ఆ రోజు సభ పెట్టుకుంది. అన్యాక్రాంతమైన భూములు తిరిగి ఇయ్యాలె, పట్టాలు ఇయ్యాలె, పంటకు ధర కావాలె అని. 1/70 చట్టం కాగితం మీద ఉన్నా భూమి మాత్రం చేతులు మారుతనే ఉండె. సభకు ముందు అనుమతి ఇచ్చి తర్వాత రద్దు చేసిన్రు, 144 పెట్టిన్రు. రద్దు చేసిన సంగతి గుట్టల మీది గూడేలకు ఎట్ల తెలుస్తది? ఫోన్ లేదు, బస్సు లేదు. సభకు వచ్చెటోళ్లు, ఉప్పుకు, మిరపకాయకు సంతకు వచ్చెటోళ్లు కలిసిపోయి నడిచి వస్తనే ఉన్నరు. కాల్పులు జరిగినయి. సర్కారు లెక్క 13 మంది. హక్కుల సంఘాలు, ఊర్ల పెద్దలు చెప్పే లెక్క అంతకు కొన్ని రెట్లు.

మాలో ఒకని తాత ఆ రోజు సంతకు పోయిండు. సభ సంగతి ఆయనకు తెల్వదు, ఉప్పు కోసమే పోయిండు. రాత్రి అడవి బాటన ఖాళీ చేతుల్తో ఇంటికొచ్చిండట. నలభై ఏండ్లయింది, ఇంకా ఏప్రిల్ నెల వస్తే సంతకు పోడు. ఎన్ని సార్లు కాల్చిన్రు తాతా అంటే, "మొక్కజొన్న పేలాలు వేపినట్టు" అంటడు, మళ్లీ మాట్లాడడు. ఎన్ని తూటాలు పేలినయి, ఏ తుపాకుల నుంచి, ఎవరి ఆర్డరు మీద, కాల్చకముందు టియర్ గ్యాస్ కొట్టిన్రా లేదా? ఈ ప్రశ్నలకు సిటీ కాలేజీ కాల్పుల మీద ఉన్నట్టు అచ్చయిన ఒక జడ్జి రిపోర్టు మా చేతికి రాలేదు. పట్నం పిల్లలకు ఒక లెక్క, సంతకు వచ్చిన గోండులకు ఒక లెక్క అనుకోకుండ ఉండలేకపోయినం.

లెక్క లేకపోతే ఏమైతదంటే, గుర్తు కోసం కొట్లాడాల్సి వస్తది. 1983ల రైతు కూలీ సంఘం అక్కడ స్తూపం కట్టింది. 1986ల దాన్ని కూల్చేసిన్రు. 1987ల మళ్లీ లేచింది. ఆ తర్వాత ఏండ్ల తరబడి ఏప్రిల్ 20 వస్తే 144, చెక్‌పోస్టులు, నివాళికి పోయేటోళ్లను బాటల్నే ఆపుడు. తెలంగాణ వచ్చినంక కూడా చాలా ఏండ్లు అదే. మెల్లమెల్లగ సడలింది. 2024 ఫిబ్రవరిల ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి అక్కడికి వచ్చి స్తూపం దగ్గర నివాళి పెట్టిండు. దండలు వచ్చినయి, సంతోషమే. తూటాల లెక్క ఇంకా రాలేదు.

1989ల గ్రేహౌండ్స్ వచ్చింది. ఐపీఎస్ అధికారి కె.ఎస్. వ్యాస్ దాన్ని తయారుచేసిండు, అడవిల తిరిగి నక్సలైట్లతోని కొట్లాడెటందుకు ప్రత్యేక బలగం. ఆ కాలంల మన రెండు జిల్లాల ఊర్లు రెండు దిక్కుల నుంచి నలిగినయి. రాత్రి వచ్చినోళ్లకు అన్నం పెడితే పొద్దున వచ్చినోళ్లు కొట్టుడు. పొద్దున వచ్చినోళ్లతో మాట్లాడితే రాత్రి వచ్చినోళ్లు పంచాది పెట్టుడు. దీని గురించి గ్రూపుల ఇదివరకే మంచి పోస్టులు వచ్చినయి కాబట్టి మేం ఎక్కువ రాయం. మాకు కావాల్సిన ముచ్చట ఒక్కటే. అడవి యుద్ధం కోసమని తెచ్చిన బండ్లు, తుపాకులు, అలవాట్లు అడవిల్నే ఆగవు. మెల్లగ రోడ్డు మీదికి, తర్వాత గేటు ముందటికి వస్తయి. "పోలీసు బలగాల ఆధునికీకరణ" అని కేంద్రం పథకం ఒకటి 1969-70 నుంచి నడుస్తున్నది. ఆయుధాలు, బండ్లు, వైర్‌లెస్ సెట్లు ఆ పైసలతోని కూడా వస్తయి. కాగ్ చాలా రాష్ట్రాల్ల ఆ పథకాన్ని ఆడిట్ చేసింది. అంటే ఖర్చు పెట్టింది సక్కగ పెట్టిన్రా అని అడిగే నాథుడు ఉన్నడు. కొన్నదాన్ని ఎవరి మీద వాడిన్రు అని అడిగేటోడే కావాలె.

ఇగ ఓయూ. మన సీనియర్లు చాలామంది ఆ హాస్టళ్లల్ల ఉన్నోళ్లే కాబట్టి ఇక్కడ జర నిలబడ్తం.

2009 నవంబర్ 29న కేసీఆర్ దీక్షకు సిద్దిపేట పోతుంటే మన కరీంనగర్ దగ్గరనే అలుగునూరుల అరెస్టు చేసిన్రు. ఆ వార్త ఓయూకు చేరంగనే పిల్లలు రోడ్డెక్కిన్రు, ఆ రోజు క్యాంపస్‌ల లాఠీలు విరిగినయి. డిసెంబర్ 9న చిదంబరం ప్రకటన, తర్వాత వెనక్కి పోవుడు, అన్నీ మీకు తెలిసినవే. 2010 జనవరి 3న జరిగిన విద్యార్థి గర్జన సభకు కూడా హైకోర్టు దాకా పోయి షరతులతో అనుమతి తెచ్చుకోవాల్సి వచ్చింది. ఫిబ్రవరిల శ్రీకృష్ణ కమిటీ విధివిధానాలు చూసి పిల్లలు మళ్లీ లేసిన్రు. అప్పుడు క్యాంపస్‌ల టియర్ గ్యాస్ కొట్టిన్రు, రబ్బరు బుల్లెట్లు కాల్చిన్రు. వార్తలు రాసే విలేకర్లకు కూడా దెబ్బలు తగిలినయి. కేంద్ర పారామిలటరీ బలగాలు యూనివర్సిటీ గేట్ల దగ్గర మకాం పెట్టినయి. ఫిబ్రవరి 20న అసెంబ్లీ ముట్టడికి పోతుంటే ఎన్‌సీసీ గేటు దగ్గర యాదయ్య ఒంటికి నిప్పంటించుకున్నడు.

అప్పుడు మాకు ఐదారేండ్లుంటయి. మా దిక్కు నుంచి అక్కడ పీజీ చదివిన ఒక అన్న చెప్పిండు. హాస్టల్ రూములకు పొగ వస్తే తడి తువ్వాల ముఖానికి కట్టుకొని మంచం కింద పండుకునేటోళ్లట. పొద్దున లేచినంక పిల్లలు వరండాల పడ్డ ఖాళీ షెల్లులు ఏరి, మెట్ల మీద వరసగ పెట్టేటోళ్లట. విలేకర్లకు చూపెట్టెటందుకు. విన్నప్పుడు ఒకటి తోచింది. ఎన్ని కొట్టిన్రు అన్న లెక్క తీసినోళ్లు దెబ్బ తిన్న పిల్లలే. కొట్టినోళ్ల దగ్గర లెక్క లేకనా? ఉంటది. ఆ ముచ్చట కిందికి వస్తది.

కేసు హైకోర్టుకు పోయింది. జస్టిస్ ఎల్. నర్సింహారెడ్డి పారామిలటరీ బలగాలను క్యాంపస్ నుంచి తీసెయ్యమని ఆర్డరు వేసిండు. సర్కారు ఒప్పుకోలేదు, సుప్రీంకోర్టు దాకా పోయింది. పిల్లలు చదువుకునే చోట ఏ బలగం ఉండొచ్చు, ఏది ఉండొద్దు అని సర్కారు చెప్పుడే కాకుండ ఒక కోర్టు అడిగింది. ఆ పిటిషన్ ఎవరో వేస్తేనే అడిగింది. ముందుగాల వైస్ చాన్సలర్‌ను గాని, యూనివర్సిటీ పాలక మండలిని గాని అడిగి తీరాలె అన్న పద్ధతి ఉంటే కోర్టు దాకా పోయే పనే ఉండకపోవు.

మాకు షాక్ కొట్టిన సంగతి ఇంకోటి ఉంది. టియర్ గ్యాస్‌ను యుద్ధంల వాడొద్దు. రసాయన ఆయుధాల ఒప్పందం 1997ల అమలుకు వచ్చింది, భారతదేశం కూడా దాంట్ల ఉంది. సరిహద్దుల శత్రు సైనికుని మీద ఆ గ్యాస్‌ను యుద్ధ పద్ధతిగ వాడుడు నిషిద్ధం. శాంతిభద్రతల కోసం సొంత జనం మీద అయితే అదే ఒప్పందం మినహాయింపు ఇచ్చింది. మన దేశంల ఈ షెల్లులు తయారుచేసే పెద్ద కేంద్రం గ్వాలియర్ దగ్గర టేకన్‌పూర్‌ల ఉంది, బీఎస్ఎఫ్ నడుపుతది, 1976ల పెట్టిన్రు. సరిహద్దు కాసే బలగం తయారుచేసిన వస్తువు హాస్టల్ వరండాలకు వస్తది.

సుప్రీంకోర్టు ఈ విషయంల మంచి మాటలే చెప్పింది. 2011 జూన్‌ల ఢిల్లీ రామ్‌లీలా మైదానంల నిద్రపోతున్న జనం మీద అర్ధరాత్రి లాఠీలు, టియర్ గ్యాస్ వాడితే, 2012 ఫిబ్రవరిల కోర్టు తప్పు పట్టి నష్టపరిహారం ఇయ్యమన్నది. 2016ల అనితా ఠాకూర్ కేసుల కూడా, గుంపు అదుపులకు వచ్చినంక ఇంకా కొట్టుడు హక్కుల ఉల్లంఘనే అని చెప్పింది. 2006ల ప్రకాశ్ సింగ్ కేసుల అయితే రాష్ట్రానికి ఒకటి, జిల్లాకు ఒకటి పోలీసు ఫిర్యాదుల సంస్థ పెట్టాలని ఆదేశించింది. మీ జిల్లాల ఆ సంస్థ ఆఫీసు ఏడుందో చెప్పగలరా? మేము క్లాసుల అడిగినం, ముప్పై మందిల ఒక్కరికీ దాని పేరు కూడా తెల్వదు. మాకు కూడా ఈ పోస్టు కోసం చదివినంకనే తెలిసింది.

చట్టంల ఉన్న ఇంకో చిన్న తేడా మన రెండు జిల్లాలకు సూటిగ తగుల్తది. గుంపును చెదరగొట్టాలంటే పాత సీఆర్‌పీసీ 129, ఇప్పటి బీఎన్ఎస్ఎస్ 148 ప్రకారం ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్ ఆర్డరు ఇయ్యొచ్చు, స్టేషన్ ఇన్‌చార్జి అధికారి కూడా ఇయ్యొచ్చు. మేజిస్ట్రేట్ అంటే మనకు తెలిసిన తాసీల్దారు, ఆర్డీవో. అంటే ఖాకీ బట్టలు లేని ఒక మనిషి. ఆదిలాబాద్‌ల ఎస్పీ ఉన్నడు, నిషేధాజ్ఞలు రెవెన్యూ దిక్కు నుంచి వస్తయి. కరీంనగర్‌ల, రామగుండంల 2016 నుంచి కమిషనరేట్లు వచ్చినయి. మంచిర్యాల కూడా రామగుండం కిందికే పోయింది. కమిషనర్‌కు మేజిస్ట్రేట్ అధికారాలు కూడా ఉంటయి. నిషేధం పెట్టేది, బండి పంపేది, అంతా ఒక్క ఆఫీసే. కమిషనరేట్ అయితే పని జల్ది అయితదని అంటరు. నిజమే కావచ్చు. కానీ ఇద్దరు సంతకం పెట్టాల్సిన చోట ఒక్కరు పెడితే, ఆగి ఆలోచించే సమయం కూడా సగమైతది.

బస్తర్ సంగతి రాయకపోతే ఈ పోస్టుకు అర్థం ఉండదు. మనకు నది అవతలే. అక్కడ మన కోయోళ్లు, దోర్లోళ్లు, గోండుల పిల్లలు చదివే బడులల్ల, హాస్టళ్లల్ల బలగాలు క్యాంపులు పెట్టుకున్నయి. పిల్లలు చెట్టు కిందికి, బలగాలు పక్కా బిల్డింగులకు. నందినీ సుందర్ తదితరులు సుప్రీంకోర్టుకు పోయిన్రు. బడులు, హాస్టళ్లు ఖాళీ చెయ్యమని కోర్టు 2011ల చెప్పింది. అదే ఏడు జులై 5న జస్టిస్ బి. సుదర్శన్ రెడ్డి, జస్టిస్ ఎస్.ఎస్. నిజ్జర్ తీర్పు ఇచ్చిన్రు. సుదర్శన్ రెడ్డి మన తెలంగాణ మనిషే. నెలకు 3,000 రూపాయల గౌరవ వేతనం ఇచ్చి, సరిగ్గ చదువు లేని ఆదివాసీ పిల్లలకు తుపాకులిచ్చి ఎస్పీవోలుగ ముందట నిలబెట్టుడు రాజ్యాంగ విరుద్ధమని చెప్పిన్రు. ఇచ్చిన తుపాకులన్నీ వెనక్కి తీసుకొమ్మన్నరు. అంటే తుపాకీ ఎవరి మీద పేలుతది అనేదే కాదు, ఎవరి చేతిల పెడుతున్నరు అనేది కూడా అడగాల్సిన ప్రశ్నే. ఆ రెండు దిక్కులా ఉన్నది మన పిల్లలే.

బయటి దేశాలల్ల ఏం చేస్తున్నరో కూడా చూసినం. అమెరికాల యూనివర్సిటీలకు సొంత పోలీసులు ఉంటరు. 1970 మే 4న ఒహాయో రాష్ట్రంల కెంట్ స్టేట్ యూనివర్సిటీల నేషనల్ గార్డు సైనికులు 13 సెకన్లల్ల 67 తూటాలు కాల్చిన్రు, నలుగురు విద్యార్థులు చనిపోయిన్రు, తొమ్మిది మందికి గాయాలు. చూసిన్రా, సెకన్లు కూడా లెక్క ఉన్నయి. పది రోజుల తర్వాత మిసిసిపీల నల్లజాతి పిల్లలు చదివే జాక్సన్ స్టేట్‌ల పోలీసులు కాలిస్తే ఇద్దరు చనిపోయిన్రు. కెంట్ స్టేట్ పేరు దునియా మొత్తం తెలుసు, జాక్సన్ స్టేట్ ఎవరికి తెలుసు? సిటీ కాలేజీ, ఇంద్రవెల్లి ముచ్చట అక్కడ కూడా ఉందన్న మాట.

మిలటరీల మిగిలిన సామాను పోలీసులకు పంచే 1033 అనే కార్యక్రమం కూడా అక్కడ 1990ల నుంచి నడుస్తున్నది. దాని మీద గొడవలు పెరిగి, కాలిఫోర్నియా రాష్ట్రం 2021ల ఏబీ 481 అనే చట్టం చేసింది. 2022 నుంచి అమలు. క్యాంపస్ పోలీసులకు కూడా వర్తిస్తది. డ్రోన్లు, కవచం ఉన్న బండ్లు, టియర్ గ్యాస్, రబ్బరు తూటాల లాంటివి కొనాలన్నా వాడాలన్నా ముందు ఒక విధానం రాసి, ముప్పై రోజుల ముందు జనానికి కనపడేటట్టు పెట్టాలె. తర్వాత బహిరంగ సమావేశంల పాలక మండలి ఒప్పుకోవాలె. ఏటేటా ఎన్ని ఉన్నయి, ఎంత ఖర్చైంది, ఎప్పుడు వాడిన్రు, ఎన్ని ఫిర్యాదులు వచ్చినయి అని రిపోర్టు ఇచ్చి, జనాన్ని పిలిచి కూసుండబెట్టి మాట్లాడాలె. అక్కడి విద్యార్థులు పోయి మైకు ముందు నిలబడి అడుగుతరు. చాలాసార్లు పోలీసులు అడిగింది మండలి ఒప్పుకుంటది కూడా. అదేం స్వర్గం కాదు. కానీ వాళ్ల చిన్నోడు ఎన్ని షెల్లులున్నయని అడిగితే చదువుకోపో అనరు, ఫలానా పేజీ చూడు అంటరు.

ఇగ మన కానిస్టేబుల్ అన్న దగ్గరికి మళ్లీ వస్తం. ఆదివారం బజార్ల కనపడ్తే చాయ్ తాగుకుంట అడిగినం. ఈసారి యూనిఫాం లేదు, మంచిగ మాట్లాడిండు. ఆయుధం బయటికి పోవాలంటే బెల్ ఆఫ్ ఆర్మ్స్‌ల రిజిస్టర్‌ల రాయాలె, ఎవరికి ఎన్ని రౌండ్లు ఇచ్చిన్రో సంతకం ఉంటది, తిరిగి వచ్చినంక లెక్క చూస్తరు, ఒక్క రౌండు తక్కువైనా పెట్టినోని ప్రాణం పోతదన్నడు. "లెక్క లేదని ఎవరన్నరు? మాకంటే ఎక్కువ లెక్క ఎవరికి ఉంటదిరా?" అన్నడు. తర్వాత మెల్లగ ఇంకో మాట అన్నడు. లెక్క బయటికి పోతే మాకే మంచిది, తప్పు ఆర్డరు ఇచ్చినోడు తప్పించుకొని మమ్మల్ని ముందటికి నెట్టలేడు అని. మేము దీన్ని ఆలోచించనే లేదు.

మేము ఒక ఆఫీసుకు సమాచార హక్కు దరఖాస్తు పెట్టినం. పది రూపాయల ఫీజు. జిల్లాల టియర్ గ్యాస్ షెల్లులు ఎన్ని ఉన్నయి, ఏ బండ్లు ఉన్నయి అని అడిగినం. నెల దాటినంక జవాబు వచ్చింది, భద్రతా కారణాల వల్ల ఇయ్యలేమని, సెక్షన్ 8 రాసి. కోపం వచ్చింది, తర్వాత చట్టం మళ్లీ చదివితే తప్పు సగం మాదే అనిపించింది. ఇప్పుడు చేతిల ఏమున్నయని అడిగితే ఇయ్యకపోవుటకు వాళ్లకు సాకు దొరుకుతది. ఫలానా తారీఖున వాడినవి ఎన్ని, వాడినంక విచారణ జరిగిందా, ఆ రిపోర్టు కాపీ ఏది అని అడగాలె. భద్రతా సంస్థలను సెక్షన్ 24 కింద మినహాయించినా సరే, మానవ హక్కుల ఉల్లంఘన ఆరోపణలున్న సమాచారం ఆ మినహాయింపులకు రాదు. మొదటి అప్పీలుకు ముప్పై రోజులు, అది కూడా కాకుంటే కమిషన్‌కు తొంభై రోజులు టైము ఉంటది.

అసలు మా కండ్లు తెరిచింది సెక్షన్ 8(3). జరిగి ఇరవై ఏండ్లు దాటిన సంఘటన అయితే, సెక్షన్ 8ల ఉన్న చాలా సాకులు పనిచేయవు. దేశ భద్రత, సభా హక్కులు, మంత్రివర్గ కాగితాల లాంటి మూడు మాత్రం మిగుల్తయి. ఇంద్రవెల్లికి నలభై ఏండ్లు దాటింది.

అందుకే కొత్త దరఖాస్తు రాస్తున్నం. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లికి ఎన్ని బలగాలు పోయినయి, ఏ ఆయుధాలు, ఎన్ని రౌండ్లు ఇచ్చిన్రు, ఎన్ని తిరిగి వచ్చినయి, 144 ఆర్డరు కాపీ, సభ అనుమతి రద్దు చేసిన కాగితం, ఆ తర్వాత జరిగిన ఏ విచారణ రిపోర్టైనా సరే. ఇవే అడుగుతున్నం. రిజిస్టర్లు పాతబడి కాల్చేసినమంటే, ఏ తారీఖున ఏ ఆర్డరు మీద కాల్చేసిన్రో ఆ కాగితం అడుగుతం. తాతకు దరఖాస్తు చదివి వినిపిస్తే, గోండిల ఒక మాట అడిగిండు: పేర్లు కూడా అడుగుతున్నరా అని. మేము తూటాలే రాసినం, పేర్లు రాయలేదు. ఇప్పుడు ఏడో ప్రశ్నగ చేర్చినం.

కేస్లాపూర్, ముత్నూర్, జైనూర్, సిర్పూర్ దిక్కు గూడేలోళ్లు ఎవరన్నా గ్రూపుల ఉంటే, మీ ఇండ్లల్ల ఆ రోజు సంతకు పోయిన పెద్దోళ్లు ఉంటే, వాళ్లు ఒప్పుకుంటే వాళ్ల మాట ఫోన్ల రికార్డు చేసి పెట్టుకోండి. పేరు బయట పెట్టొద్దంటే పెట్టం. దరఖాస్తు నమూనా వచ్చే సోమవారం గ్రూపుల పెడ్తం. తప్పులుంటే సరిచేయండి, లా చదివే అక్కలు జర ముందు చూడండి.